పట్టేసిన ఇంజను : ఆముదపు కథ

కళింగపట్నం, మొగదాలపాడు, బందరువానిపేట వంటి వంశధార ముఖద్వారపు ఊళ్ళలో "ఇంజను పట్టేసింది" అన్న మాటకు ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఇక్కడ రేవు ఉండేది. స్టీమర్లు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుంటే, సరకులను పడవలలో అలలు దాటించి చేరవేసేవారు. ఆనాడు ఈ తీరానికి తెలిసిన యంత్రం తెడ్డు, తెరచాప మాత్రమే. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం ఇసుక ఒడ్డు నుంచే అలలను దాటగల మోటారు పడవల నమూనాలను ఆంధ్ర తీరంలో పరీక్షించింది. తరువాతి దశాబ్దాలలో చిన్న ఇంజన్లు తెప్పల మీదికీ, నావల మీదికీ వచ్చాయి. వాటితోపాటు ఉప్పుగాలీ, తుప్పూ, పట్టేయడమూ వచ్చాయి.

పట్టేయడం అంటే ఏమిటి? సిలిండరులో పైకీ కిందికీ ఆడవలసిన ముషలకం, అనగా పిస్టను, కదలక నిలిచిపోవడం. పెద్ద ఇంజనుకు ఇది ఎంత ప్రమాదమో, అరచేతిలో ఇమిడే ఇంజనుకూ అంతే ప్రమాదం. అటువంటి ఇంజన్లు నిజంగానే ఉన్నాయి. రేడియో తరంగాలతో దూరం నుంచి నడిపే బొమ్మకారులో ఉండే ఇంజను పరిమాణం రెండు నుంచి మూడున్నర ఘన సెంటీమీటర్లు. అయితే అది నిమిషానికి ముప్పై వేల చుట్లకు పైగా తిరగగలదు. బొమ్మ అనుకుని దీనిని తేలికగా చూడకూడదు. ఉష్ణం, రసాయనం, యంత్రశాస్త్రం మూడూ కలిసి పాఠం చెప్పే పరికరాలు ఇంత చవకగా దొరకడం అరుదు. కొన్ని నెలలు పెట్టెలో పడి ఉన్న తరువాత ఈ ఇంజను పట్టేస్తే, దానికి కారణం తరచుగా మన పెరటిలోని ఆముదమే.

ఆముదపు గింజ పొట్టేలు ఒంటి మీది పిడుదు పురుగువలె ఉంటుంది. అందుకే శాస్త్రజ్ఞులు లాటిన్ భాషలో పిడుదుకు గల పేరునే ఈ మొక్కకు పెట్టి 'రిసినస్' అన్నారు. మన ఇళ్ళలో గింజలను వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనెను తేర్చుకునేవారు. అదే వంటాముదం. దీపానికీ, తలకూ, పసిపిల్లల కడుపుకూ అది పనికివచ్చేది. ఇక గడ్డిని కాల్చిన మసిని ఆముదంతో కలిపి బండి ఇరుసుకు పూసేవారు. దాని పేరు కందెన. ఈనాడు పాఠ్యపుస్తకాలలో యంత్రాలకు పూసే నూనెలన్నిటికీ వాడే 'కందెన' అనే శాస్త్రపదం ఎద్దుబండి ఇరుసు నుంచి వచ్చిందే. పందొమ్మిదవ శతాబ్దంలో రైళ్ళు వచ్చినప్పుడు మనదేశంలో ఇరుసులకూ, దీపాలకూ ఆముదం వాడారు.

ఇతర నూనెలకు లేని గుణం దీనికి ఎక్కడిది? ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో 85 నుంచి 90 శాతం దాకా ఉండేది రిసినోలెయిక్ ఆమ్లం. ఇందులో పద్దెనిమిది కర్బన పరమాణువుల గొలుసు ఉంటుంది. పన్నెండవ కర్బనం దగ్గర ఒక ఆమ్లజని, ఒక ఉదజని కలిసిన జంట తగిలి ఉంటుంది. ఈ జంటలు పక్క అణువులను పట్టి లాగుతాయి. అందువల్ల ఆముదం చిక్కన. 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద దాని స్నిగ్ధత వేరుసెనగ, నువ్వుల నూనెలకన్న ఆరేడు రెట్లు ఉంటుంది. లోహపు ముఖాన్ని అంటిపెట్టుకునే శక్తీ ఎక్కువే. మరొక వింత కూడా ఉంది. ఆముదం ఆల్కహాలులో ఇట్టే కరుగుతుంది, పెట్రోలు, కిరసనాయిలు వంటి ఖనిజతైలాలతో మాత్రం సరిగా కలవదు. మిగిలిన నూనెలది దీనికి తారుమారు. ఆముదపు రసాయనాన్ని శోధించినవారిలో కె.టి. అచయ ఒకరు. 1950 నుంచి 1971 వరకు హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాశాలలో ఆయన చేసిన పనిలో ఈ నూనెకు ముఖ్యస్థానం ఉంది. ముందు రాబోయే కథ అంతా ఈ కరగడం, కరగకపోవడం మీదనే నడుస్తుంది.

1908లో ఫ్రాన్సులో సెగాఁ సోదరులు 'నోమ్' అనే విమానపు ఇంజనును తయారుచేశారు. అందులో ఇరుసు కదలదు, సిలిండర్లే పంకాతో కలిసి గిరగిర తిరుగుతాయి. మరుసటి సంవత్సరం రేన్స్ నగరంలో జరిగిన విమాన పోటీలలో ఆన్రీ ఫార్మాఁ ఈ ఇంజనుతోనే దూరపు పందెం గెలిచాడు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఇందులో ఇరుసుపెట్టె గుండానే సిలిండర్లకు పోతుంది. ఖనిజతైలం పోస్తే పెట్రోలు దానిని కడిగివేస్తుంది. ఆముదాన్ని కడగలేదు! కాబట్టి ఆముదం తప్ప గతి లేకపోయింది. పోసిన నూనె తిరిగి తొట్టిలోకి రాదు, పొగతో బయటికి పోతుంది. వైమానికుల ముఖాలు, కళ్ళద్దాలు జిడ్డుతో నిండేవి. ఆ ఆవిరిని పీల్చి, తుంపరలు మింగి, కడుపు నొప్పితో బాధపడేవారని చెప్పుకుంటారు. ఆముదపు గుక్కతో పెరిగిన మన పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

1909లోనే ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీ ఆముదం కలిపిన ఇంజను నూనెను 'కాస్ట్రాల్' అనే పేరుతో అమ్మసాగింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరే అందులో దాగి ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో గిరాకీ ఎంత పెరిగిందంటే, అమెరికా సైన్యం ఫ్లోరిడా మొదలైన దక్షిణ రాష్ట్రాలలో ఆముదపు తోటలు వేయించింది. అందుకు విత్తనాలు భారతదేశం నుంచే వెళ్ళాయి.

ఆకాశంలో ప్రాణం కాపాడిన ఈ నూనె నేలమీద మేస్త్రీలను ఏడిపించేది. వేడికి ఆముదపు అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని లక్కవంటి పూతగా మారుతాయి. అందుకే నోమ్ ఇంజన్లను కొద్ది పదుల గంటలకొకసారి విప్పి గీకవలసివచ్చేది.

బొమ్మ ఇంజనుకు ఈ వారసత్వం ఎలా వచ్చింది? 1930లలో అమెరికాలో అమ్మిన నమూనా విమానపు ఇంజన్లకు నిప్పురవ్వ కోసం బ్యాటరీ, తీగచుట్ట, కండెన్సరు మోయవలసి ఉండేది. ఇంజనుకన్న సామాను బరువు! 1947లో రే ఆర్డెన్ అనే అమెరికన్ 'గ్లో ప్లగ్'ను అమ్మకానికి తెచ్చాడు. దానిలో ఉన్నది ప్లాటినపు తీగచుట్ట ఒక్కటే. ఇంజను ఆరంభించేటప్పుడు మాత్రం దానికి విద్యుత్తు ఇస్తే చాలు. తరువాత మిథైల్ ఆల్కహాలు ఆవిరి తగులుతూ ఉంటే తీగ తనంతట తానే ఎర్రగా కాలుతూ ఉంటుంది. ఇందులోని సూత్రం పాతదే. వేడెక్కిన ప్లాటినపు తీగ ఆల్కహాలు, ఈథరు ఆవిరులలో మంట లేకుండానే ఎర్రగా వెలుగుతుందని హంఫ్రీ డేవీ 1817లో చూపించాడు. 1823లో డోబరైనర్ ప్లాటినం మీదికి ఉదజనిని వదిలి దీపం వెలిగించాడు. ఉత్ప్రేరకం గురించి చెప్పే ఉపాధ్యాయునికి ఈ గ్లో ప్లగ్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

ఇంధనం మిథైల్ ఆల్కహాలు కావడంతో ఆముదానికి మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి కారణం నోమ్ నాటి కారణానికి సరిగ్గా ఎదురు. అక్కడ ఇంధనంలో కరగదు కనుక ఆముదం కావలసివచ్చింది. ఇక్కడ ఇంధనంలో కరుగుతుంది కనుక, తొట్టిలో విడిపోకుండా కలిసి ఉంటుంది కనుక కావలసివచ్చింది. ఈ మిశ్రమానికి బలం చేర్చేది నైట్రోమీథేను. దీనిని మొదట తయారుచేసిన సంవత్సరం 1872. దాని బరువులో సగానికి పైగా ఆమ్లజనే. ఒక కిలో పెట్రోలు కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. మిథైల్ ఆల్కహాలుకు 6.4 కిలోలు, నైట్రోమీథేనుకు 1.7 కిలోలు చాలు. అంటే సిలిండరులో పట్టే అదే గాలితో ఎన్నో రెట్లు ఇంధనాన్ని కాల్చవచ్చు. 'నైట్రో ఇంజను' అనే వాడుకపేరు దీనివల్లనే వచ్చింది.

ఇక పట్టేసిన ఇంజనును విడిపించే సంగతి. మొదట గ్లో ప్లగ్ విప్పాలి. సిలిండరు ద్రవంతో నిండి ఉంటే పిస్టను కదలదు. ద్రవం నొక్కితే నొక్కుకోదు కదా! ప్లగ్ తీసి తలకిందులుగా వంచితే కొన్నిసార్లు జబ్బు అక్కడితోనే తీరుతుంది. పిస్టను పైకొసన బిగుసుకుని ఉంటే దానిని తుప్పు అనుకోకూడదు. ఈ ఇంజన్ల గొట్టం పైవైపు కొద్దిగా సన్నగించి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అక్కడ పట్టు ఉండటం ఆరోగ్య లక్షణమే. ఎంత చేసినా తాడు లాగి తిప్పాలని చూడటం తెలివితక్కువ పని. తాడు తెగవచ్చు, పిస్టనును ఇరుసుతో కలిపే సన్నని అల్యూమినియం కడ్డీ వంగవచ్చు. పొగ ద్వారంలో స్క్రూడ్రైవరు దూర్చి పొడిచేవారూ ఉన్నారు. అలా చేసిన గీత మాసిపోదు, ఇంజను మళ్ళీ పాత బలంతో నడవదు.

పడవ ఇంజనుకు అలవాటైన చేయి ఇక్కడా కిరసనాయిలు అందుకుంటుంది. అది తుప్పులోకి ఇంకుతుంది, నిజమే. కాని ఆముదపు జిగురు దానికి లొంగదు. పెట్రోలు కడగలేని నూనెను కిరసనాయిలు మాత్రం ఎలా కడుగుతుంది? జిగురు మెత్తగా ఉంటే మిథైల్ ఆల్కహాలుతో కూడిన ఇంధనమే నాలుగు చుక్కలు వేసి, ఒక పూట నానబెట్టాలి. వేడికి మాడి లక్కగా మారిన పూతకు అదీ చాలదు, వేడి కావాలి. ఇంధనమంతా ఒంపి ఆరబెట్టిన తరువాతనే, తల ఆరబెట్టుకునే వేడిగాలి యంత్రంతో ఇంజనును సుమారు 100 డిగ్రీల వరకు కాచి, గుడ్డతో పట్టుకుని చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా ఊపాలి. ముందుగా పిస్టను కిందికి దిగే వైపుకే తిప్పాలి. మంటతో కాచడం ప్రాణాపాయం. మిథైల్ ఆల్కహాలు మంట పట్టపగలు కంటికి కనబడదు. అది కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. విద్యార్థులు పెద్దల సమక్షంలో తప్ప దీనిని ముట్టరాదు.

వేడి ఎందుకు పనిచేస్తుంది? ఒక కారణం జిగురు మెత్తబడటం. రెండవది వ్యాకోచం. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి గొట్టం ఇత్తడి, దాని లోపల క్రోమియం పూత, పిస్టను సిలికాను ఎక్కువగా కలిపిన అల్యూమినియం. డిగ్రీకి ఇత్తడి పది లక్షలలో సుమారు 19 వంతులు పెరుగుతుంది, ఆ పిస్టను లోహం 17, 18 వంతులే. గొట్టం కొంచెం ఎక్కువ సాగి పిస్టనును వదులుతుంది. ఇనుప పిస్టను, ఉక్కు గొట్టం గల పాత ఇంజన్లలో ఈ సాయం ఉండదు. ఇరుసును మోసే గుండ్ల బేరింగు తుప్పుపట్టి ఉంటే వేరే లెక్క. ఉక్కు 12 వంతులు, చుట్టూ ఉన్న అల్యూమినియం పెట్టె 23 వంతులు పెరుగుతాయి. బాగా కాచి, చెక్కమీద చిన్నగా కొడితే పాత బేరింగు తనంతట జారిపడుతుంది. కళింగపట్నం వంటి ఉప్పుగాలి చోట ఎక్కువగా చూడవలసింది ఈ బేరింగునే. మిథైల్ ఆల్కహాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నైట్రోమీథేను కాలినప్పుడు కొద్దిగా ఆమ్లాలు పుడతాయి. ఈ రెండూ ఉక్కు గుండ్లకు శత్రువులే.

ఇంధనం చాలక అతిగా వేడెక్కి, అల్యూమినియం కరిగి గొట్టానికి పూసుకుపోయిన ఇంజనుకు ఈ వైద్యాలేవీ పనిచేయవు. పిస్టను, గొట్టం రెండూ మార్చవలసిందే. చిత్రమేమంటే, అటువంటి ప్రమాదంలో చివరి క్షణం వరకు అడ్డుపడేది మళ్ళీ ఆముదమే. కృత్రిమ తైలాలు శుభ్రంగా ఉంటాయి, జిగురు కట్టవు. అయితే వేడి హద్దు మీరితే అవి విరిగి ఆవిరైపోతాయి. ఆముదం అప్పుడు మరింత చిక్కబడి లోహానికి అంటుకుంటుంది. జిగురు కట్టే గుణమూ, కాపాడే గుణమూ ఒకటే కనుక, ఒకదానిని ఉంచి మరొకదానిని తీసివేయడం రసాయనజ్ఞులకు సాధ్యం కాలేదు. అందుకే ఈనాటికీ చాలా నైట్రో ఇంధనాల డబ్బాలలో కృత్రిమ తైలంతోపాటు కొంత ఆముదం ఉంటుంది. ఆట ముగిశాక తొట్టి ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం అయిపోయేదాకా ఇంజనును నడిపి, ప్లగ్ తీసి, తుప్పు పట్టనివ్వని పలుచని నూనె నాలుగు చుక్కలు వేసి, పిస్టనును కిందికి దించి పెట్టెలో పెట్టడం వాటిని వాడేవారి అలవాటు.