నల్లమలలో విల్లు, మంచె

గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు బాట నల్లమల కొండలను నందికనుమ వద్ద దాటును. ఈ ప్రాంతపు వాగుల ఒడ్డులలోను, కనుమల దాపునను దొరకిన రాతి పనిముట్లను కమియాడ్, బర్కిట్ అను ఇరువురు పరిశీలించి, నాలుగు తరగతులుగా విభజించి 1930లో ప్రకటించిరి. గిద్దలూరు పరిసరముల పనిముట్లను గూర్చియే కె. వి. సౌందరరాజన్ 1952లో ఒక వ్యాసము వ్రాసెను. ఈ నాలుగు తరగతులలో కడపటిది సూక్ష్మశిలా పరికరములది. వీనిలో కొన్ని గోటికంటె పెద్దవి కావు. ఇంత చిన్న రాతి ముక్కను చేతబట్టి ఏ జంతువును చంపుట సాధ్యము కాదు. దానిని కఱ్ఱకో వెదురుకో అతికించి ఈటె మొనగానో, బాణపు మొనగానో వాడవలసినదే. కొండలకు పడమట, నంద్యాల ప్రాంతమున ఉన్న జ్వాలాపురములో ఇట్టి పరికరములు సుమారు 35,000 సంవత్సరముల నాటివి బయల్పడినవి. దూరము నుండి మృగమును కొట్టు విద్య ఈ కొండలకు ఎంత పాతదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

చరిత్రకాలములో నల్లమల విల్లు అనగానే తలపునకు వచ్చువారు చెంచులు. దోర్నాల, యఱ్ఱగొండపాలెము మొదలుకొని గిద్దలూరు వైపు అడవుల వరకు వారి గూడెములు కలవు. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970లో క్రొత్త జిల్లాలో చేరువరకు కర్నూలు జిల్లాలోనివే. కనుక ఈ ప్రాంతపు చెంచులను గూర్చిన పాత వ్రాతలన్నియు కర్నూలు పేరుతోనే కనబడును. వారి విల్లు వెదురుది, బాణపు మొన ఇనుముది. ఇనుమును అడవి ఈయదు. దానికొరకు మైదానపు కమ్మరినో, సంతనో ఆశ్రయింపవలసినదే. అడవి మనుష్యుడు లోకముతో సంబంధము లేక బ్రతికెనను మాట, ఈ ఒక్క మొన చూచినను నిలువదు.

విల్లు ఒక యంత్రము. నారిని లాగునపుడు చేతి కండరములు చేసిన పని, వంగిన వెదురులో స్థితిజశక్తిగా నిలుచును. నారిని విడువగనే అందులో అధికభాగము బాణమునకు గతిజశక్తిగా సంక్రమించును. బాణము సెకనుకు 45 మీటర్ల వేగముతో పోవుననుకొందము. 20 మీటర్ల దూరమున మేయుచున్న దుప్పిని చేరుటకు దానికి సుమారు 0.44 సెకను పట్టును. ఈలోగా భూమ్యాకర్షణ వలన అది గురిపెట్టిన రేఖ నుండి దాదాపు ఒక మీటరు దిగును. వేటగాడు అభ్యాసము చేత దీనిని సరిదిద్దుకొనగలడు. చేతిలో లేనిది వేరొకటి ఉన్నది. నారి మ్రోత సెకనుకు 340 మీటర్ల వేగముతో పోయి 0.06 సెకనులోనే దుప్పి చెవిని చేరును. మిగిలిన 0.38 సెకను దుప్పిది. ఉలికిపడిన జింక ఉఱుకుటకు ముందు కాళ్లు ముడిచి ఒడలు క్రిందికి దించును. బాణము వీపుమీదుగా పోవును! దూరము 10 మీటర్లయినచో ఆ వ్యవధి 0.19 సెకనుకు తగ్గును. కావున విలుకాని విద్యలో బాణము విడుచుట చిన్న భాగము. పది పదునైదు మీటర్ల చేరువకు పోవుటయే పెద్ద భాగము.

చేరువకు పోవుట ఎట్లు? జింకకు ముక్కు వాడి. కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుటచే తల త్రిప్పకయే చుట్టును చాలవరకు చూడగలదు; చిన్న కదలికను కూడ పట్టును. అందుచేత దానిని వెంటాడుటకంటె, అది వచ్చు చోట ముందుగా పొంచియుండుట మేలు. వేసవిలో మడుగు, ఇప్పపూలు రాలు చెట్టు అట్టి చోట్లు. ఇక మంచె సంగతి. పొలము కాచుటకు వేయు మంచెను ఎఱుగని రైతు మార్కాపురము సీమలో ఉండడు. వేటకు చెట్టుపై మంచె వేయుటలోని సూత్రమును అదియే: ఎత్తు వలన చూపు సాగును. జింక మేతయు, దాని శత్రువులలో పెక్కును నేలమీదనే ఉండును గనుక దాని గమనికయు ఎక్కువగా నేలమీదనే. మనిషి వాసనయు కొంతవరకు దాని తలమీదుగా పోవును.

కాని గాలి దిక్కు తెలియనివానికి మంచె నిష్ప్రయోజనము. సాయంకాలము కొండవాలున చల్లబడిన గాలి బరువెక్కి లోయకు దిగును. ప్రొద్దెక్కిన తరువాత వేడెక్కి పైకి పోవును. మడుగునకు ఎగువన కూర్చున్నవాని వాసన సందెవేళ తిన్నగా నీటిమీదికే వచ్చును. ఇంతటితోను కష్టము తీరలేదు. చెట్లమీద కొండముచ్చులుండును. అవి రాల్చు ఆకులకొరకు చుక్కల దుప్పులు వాని క్రిందకు చేరును. కొమ్మమీది మనిషిని కొండముచ్చు చూచి కూతవేసినచో దుప్పుల మంద క్షణములో మాయమగును.

ఇన్ని అడ్డంకులుండగా విల్లుతో ప్రతిదినము మాంసము దొరకునని తలచరాదు. కృష్ణకు ఉత్తరమున అమరాబాదు పీఠభూమిలో 1940లో చెంచుల జీవితమును పరిశీలించి, 1943లో గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్-హైమెండార్ఫ్ వ్రాతలలోను ఈ సంగతియే కనబడును. దుంపలు, పండ్లు వారి ముఖ్యాహారము. మాంసము అప్పుడప్పుడు మాత్రమే.

తుపాకి ఈ లెక్కను తలక్రిందులు చేసెను. గుండు ధ్వనికంటె ముందే చేరునపుడు జింకకు ఆ 0.38 సెకను కూడ మిగులదు. మంచె ఎక్కి తుపాకితో వేటాడుట దొరలకు, జమీందారులకు వినోదమైనది. మరియొక వైపు 1882 నాటి మద్రాసు అటవీ చట్టము రిజర్వు అడవులలో వేటను నిబంధనలకు లోబరచినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము అడవి పులుల రక్షిత ప్రాంతమైనది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము తేనె, దుంప, వెదురు వంటివానిపై అడవివాసుల హక్కులను గుర్తించినది గాని, వేటను మాత్రము స్పష్టముగా మినహాయించినది.

అమెరికాలో దీనికి విరుద్ధముగా జరిగినది. అచ్చటి తెల్లతోక జింక తుపాకి వేట వలన 20వ శతాబ్దారంభమునకు మిక్కిలి తగ్గిపోయి, రక్షణ వలన మరల కోట్ల సంఖ్యకు పెరిగినది. విస్కాన్సిన్ రాష్ట్రము 1934లో విలుకాండ్రకు ప్రత్యేకముగా వేట ఋతువు నేర్పరచెను. నేడు అచ్చట చెట్టుమంచెపై విల్లుతో పొంచియుండుట లక్షలమంది వినోదము. ఇదే అనుమతి నల్లమలలో ఏల లేదని అడుగవచ్చును. తోడేలు మాయమైన అమెరికా అడవులలో జింకను తగ్గించు పని చాలచోట్ల వేటగానిపై పడినది. నల్లమలలో ఆ పనికి పులి ఉన్నది, కణితియు దుప్పియు దాని ఆహారము. కనుక నిషేధమునకు బలమైన కారణము కలదు. అయినను పది మీటర్ల విల్లును, వంద మీటర్ల తుపాకిని ఒకే త్రాసులో తూచుట న్యాయమనిపించదు. అడవిని ఖాళీ చేసినది విల్లు కాదు.

ఈనాడు పులుల రక్షిత ప్రాంతములో కాపలాదారులుగాను, జాడలు పట్టువారుగాను చెంచులు పని చేయుచున్నారు. మడుగునకు ఏ వేళ ఏ మృగము దిగును, గాలి ఎప్పుడు తిరుగును, కొండముచ్చు కూత పులికా మనిషికా అని తెలిసినవారు వారే. వెనుకటి తరములవారు దుప్పికి చేరువగుటకు నేర్చిన ఈ గుఱుతులతోనే, అడవిలో దొంగతనముగా ఉచ్చు పన్నినవాని అడుగుజాడను వారిప్పుడు పట్టుచున్నారు.