అడవి గుత్త నుండి అచ్చుకూటానికి: దేవకీనందన్ ఖత్రీ

మన సమాజంలో ఎప్పుడు నలుగురం కూడినా ఒక మాట తప్పకుండా వస్తుంది. పిల్లలు ఇంట తెలుగు మాట్లాడతారు గాని తెలుగు చదవరు. ఉన్న ఊరి లిపి వారికి వచ్చు. తాతగారు దాచిన ఉత్తరాల కట్ట వారికి వట్టి చుక్కలూ సున్నలూను. పెద్ద బాలశిక్ష కొని యిచ్చాము, బహుమతులు పెట్టాము, కోప్పడ్డాము కూడా. ఫలితం అంతంత మాత్రమే. ఈ దిగులు మనసున ఉండగా, పందొమ్మిదవ శతాబ్దం చివర కాశీలో ఒక గృహస్థు ఎవరినీ కోప్పడకుండానే ఎందరి చేతనో ఒక లిపిని నేర్పించిన వృత్తాంతం మా కంటబడింది. ఉగాది సంచిక పాఠకులకు దానిని వినిపించడం ఉచితమని తోచింది.

ఆయన బాబూ దేవకీనందన్ ఖత్రీ. 'చంద్రకాంత' అనగానే 1994లో దూరదర్శన్‌లో మొదలైన ధారావాహిక మనలో చాలామందికి జ్ఞాపకం వస్తుంది. ఆ కథకు మూలమైన నవల ఈయనదే.

ఖత్రీగారిదీ మన వంటి వలస కుటుంబమే. పూర్వులు ముల్తాను వారు. అక్కడనుండి లాహోరు చేరారు. 1839లో మహారాజా రణజిత్ సింగ్ గతించిన పిమ్మట పంజాబులో చెలరేగిన కల్లోలంలో అదీ వదలి కాశీలో స్థిరపడ్డారు. దేవకీనందన్ 1861లో బీహారులో, ముజఫర్‌పూర్ ప్రాంతాన, మాతామహుల ఇంట పుట్టారు. చిన్ననాడు చదివినది ఉర్దూ, పారసీ. హిందీ, సంస్కృతం తరువాత కాశీలో అబ్బినవి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీనితో పని ఉన్నది.

వయసు వచ్చాక గయ దగ్గరి టికారీ సంస్థానాన్ని ఆశ్రయించి వ్యాపారం చేశారు. సంస్థానం సర్కారు అజమాయిషీ క్రిందికి పోయేసరికి కాశీకి తిరిగివచ్చారు. కాశీ మహారాజుగారి దర్బారులో పరిచయం ఉండడంవల్ల చకియా, నౌగఢ్ అడవుల గుత్త దొరికింది. కలప లెక్కలు చూసుకోవలసిన మనిషి ఆ వింధ్య కొండల్లో లెక్కలతోనే సరిపెట్టుకోలేదు. పాడుబడ్డ కోటలు, గుహలు, ఏళ్ళ తరబడి ఎవరూ దిగని మెట్లు, చీకటి దారులు అన్నీ తిరిగి చూశారు. కొంతకాలానికి గుత్త పోయింది. చేతిలో పని లేదు, కళ్ళలో మాత్రం ఆ కోటలున్నాయి. అప్పుడు వ్రాయడానికి కూర్చున్నారు. 1888లో 'చంద్రకాంత' కాశీలో వెలువడడం ప్రారంభమైనది.

నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు, విజయగఢ్ రాకుమారి చంద్రకాంత, మధ్య చునార్ రాజు శివదత్తు. కథలో స్థలాలన్నీ ఆయన కాలినడకన తిరిగినవే. ప్రేమకథ కన్నా పాఠకులను పట్టివేసినవారు ఐయారులు. వీరు రాజుల కొలువులోని వేగులవారు. వేషం మార్చడం, మత్తుమందు పెట్టి మనిషిని మూటగట్టి మోసుకుపోవడం, 'లఖలఖా' వాసన చూపి తెలివి తెప్పించడం వారి విద్య. ఆపైన తిలిస్మ్, అంటే పూర్వ రాజులు నిధిని దాచి కాపలా పెట్టిన మాయామందిరం.

ఇక్కడ ఖత్రీగారి తెలివి చెప్పుకోవాలి. లక్నోలో నవల్ కిషోర్ ముద్రణాలయం వారు 1883 నుండి 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' అనే మహాగ్రంథాన్ని ఉర్దూలో అచ్చు వేస్తున్నారు. అందులో అడుగడుగునా మంత్రగాళ్ళే. ఖత్రీగారు ఆ ముచ్చట తీసుకొని మంత్రాన్ని చాలావరకు వదిలేశారు. ఆయన తిలిస్మ్‌లో తలుపులు తెరిచేవి తీగెలు, చక్రాలు, మీటలు. చదివేవాడు వణికి, తరువాత కీలకం తెలిసి నవ్వుకుంటాడు. చివరకు 'భూత్‌నాథ్' అని పేరుపెట్టిన పాత్ర కూడా భూతం కాడు, ఐయారే!

భాష బజారులో అందరూ మాట్లాడే హిందూస్తానీ, లిపి నాగరి. ఆ రోజుల్లో ఆ ప్రాంతపు కచేరీలలో చెల్లేది ఉర్దూ లిపి. నాగరీ ప్రచారిణీ సభ కాశీలో 1893లో పుట్టి, అర్జీలు, సభలు నడుపగా, 1900 ఏప్రిల్‌లో ప్రభుత్వం నాగరిని కూడా కచేరీలలో అనుమతించింది. అర్జీల పని అర్జీలు చేశాయి. కాని ఉర్దూ మాత్రమే వచ్చిన సామాన్యుడు సాయంకాలం ఇంట కూర్చుని నాగరి అక్షరాలు దిద్దుకున్నది తేజసింహుడు తరువాత ఏ వేషం వేశాడో తెలుసుకోవడానికి. రామచంద్ర శుక్లగారు 1929 నాటి తమ హిందీ సాహిత్య చరిత్రలో ఈ నవలలకు సాహిత్యంలో పెద్దపీట వేయలేదు; అయినా హిందీకి ఇంతమంది పాఠకులను తెచ్చినవారు వేరొకరు లేరని ఒప్పుకున్నారు. పీట సంగతి పండితులు చూసుకుంటారు, మాకు ఆ ఒప్పుకోలు చాలు.

పుస్తకం ఆడింది. 1898లో ఆయన 'లహరీ ప్రెస్' అని సొంత అచ్చుకూటం పెట్టారు. 'చంద్రకాంతా సంతతి' ఇరవైనాలుగు భాగాలు. ఒక్కొక్కటీ చిన్న పుస్తకం, ఒక్కొక్కటీ ఆపకూడని చోట ఆగుతుంది. మన పెద్దలు మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీ మజిలీ కథలలో రాబోయే మజిలీకై ఎదురుచూసినట్లే అక్కడివారు రాబోయే భాగానికై కాచుకున్నారు. 1900లో మాధవప్రసాద్ మిశ్రగారు సంపాదకులుగా 'సుదర్శన్' అనే మాసపత్రిక కూడా నడిపారు. అది ఎంతోకాలం నిలువలేదు. నవలల డబ్బు పత్రికలో పోయడం అచ్చుకూటం పెట్టిన ప్రతివారికీ ఉన్న జబ్బేనేమో!

ఒక సంగతి మనకు కొంచెం చేదుగా ఉంటుంది. ఖత్రీగారు ఈ సేవ చేసినది పూర్వుల ముల్తాను పలుకుకు కాదు, చేరిన ఊరి భాషకు. మన పిల్లలలో ఎవరైనా కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఇంతటివారైతే మనం సంతోషించాలా, నొచ్చుకోవాలా? సమాజ సభ్యులలో రెండు పక్షాలవారూ ఉన్నారు. మా మటుకు సంతోషిస్తాము, కాని ఆ రాత్రి నిద్ర సరిగా పట్టదు.

1913 ఆగస్టు 1న ఖత్రీగారు స్వర్గస్థులయ్యారు. అప్పటికి 'భూత్‌నాథ్' ఆరు భాగాలే అయినది. కుమారుడు దుర్గాప్రసాద్ ఖత్రీ కలం అందుకొని ఇరవైయొకటవ భాగం దాకా వ్రాసి కథ ముగించారు.