నెలలు నిండని బిడ్డకు నరం దారి

ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని నెల్లికుదురు వంటి మండలాల్లో, కాన్పులు మంత్రసాని చేతుల మీదుగా ఇంట్లోనే జరిగినంత కాలం పుట్టిన బిడ్డను తూచే ఏర్పాటు లేదు; నెల తక్కువ బిడ్డ అన్న గుర్తింపు తల్లి చెప్పే నెలల లెక్క మీద, కంటికి కనిపించే బక్కతనం మీద ఆధారపడేది. ఫిన్లాండు వైద్యుడు ఆర్వో యూల్పో 1919లో సూచించిన 2,500 గ్రాముల హద్దును ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలుత నెలలు నిండకపోవడానికి గుర్తుగా తీసుకుని, 1961లో దాన్ని 'తక్కువ బరువు'కే పరిమితం చేసింది. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డ, నెలలు నిండినా కడుపులోనే ఎదుగుదల కుంటుపడిన బిడ్డ ఒకే బరువు తూగవచ్చు గాని, వారి అవసరాలు ఒకటి కావు.

మరీ ముందుగా పుట్టిన బిడ్డ పాలు పీల్చి, మింగి, ఊపిరి తీయడం మూడింటినీ కలిపి చేయలేదు, పేగు కూడా పూర్తిగా సిద్ధపడి ఉండదు. అందుకే వాడుకలో నరం అనే సిర ద్వారా ఆహారం ఎక్కించవలసి వస్తుంది. గ్లూకోజు సెలైన్ నీటినీ, ఉప్పునూ, కొంత శక్తినీ మాత్రమే ఇస్తుంది; మాంసకృత్తులు అందక శరీరం తన కండనే కరిగించుకుంటుంది, గ్లూకోజు చిక్కదనం పెంచితే సన్నని సిర దెబ్బతింటుంది. ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డుడ్రిక్, డగ్లస్ విల్మోర్ ఈ చిక్కును విడదీసి, మెడలోని సిర గుండా సన్నని గొట్టాన్ని గుండెకు చేరువలోని పెద్ద సిర వరకు నడిపారు. అక్కడ రక్తప్రవాహం వేగంగా ఉండి చిక్కని ద్రవాన్ని వెంటనే పలచన చేస్తుంది. చిన్నపేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక ఆడశిశువు ఆ ద్రవం మీదే బరువు, పొడవు, తల చుట్టుకొలత పెరిగిన తీరును వారు 1968లో ప్రకటించడంతో, నోటి ప్రమేయం లేకుండానే బిడ్డ ఎదగగలదని రుజువైంది. అంతకు కొన్నేళ్ల ముందే స్వీడన్‌లో ఆర్విడ్ వ్రెట్లింద్ సోయా నూనెను గుడ్డుసొనలోని కొవ్వు పదార్థంతో కలిపి, సిరలోకి ఎక్కించదగిన కొవ్వుద్రవాన్ని తయారుచేశారు.

ఈ చరిత్రలో తెలుగువారు ఎక్కువగా తలచుకోని పేరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. గర్భస్థ శిశువు ఎముకలకు చేరవలసిన కాల్షియం, భాస్వరంలో అధికభాగం చివరి మూడు నెలల్లోనే అందుతుంది గనుక ముందే పుట్టిన బిడ్డ ఎముకలు పలచబడతాయి. ఈ రెండింటినీ సిరలోకి ఎక్కించే ఒకే సీసాలో మోతాదు మించి కలిపితే తెల్లని అవక్షేపంగా పేరుకుని గొట్టానికే ముప్పు తెస్తాయి. ఈ ఖనిజాల లోటును పసిగట్టడానికి చూసే రక్త భాస్వరాన్ని, మాలిబ్డేటుతో కలిపినప్పుడు వచ్చే నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయనే వెలువరించారు. ఆ కొలత తరతరాల ప్రయోగశాలలకు పనికివచ్చింది.

ఇక తెలంగాణకు వస్తే, హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రి, వరంగల్‌లో 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల ఈ ప్రాంతపు శిశువైద్యానికి ఆధారాలయ్యాయి. నీలోఫర్‌లో 2017లో తల్లిపాల నిధి ఏర్పడడం పెద్ద ముందడుగు, ఎందుకంటే సిరలోని గొట్టం ఎన్ని రోజులుంటే ఇన్ఫెక్షను ముప్పు, కాలేయానికి చేటు అంతగా పెరుగుతాయి, చుక్కచుక్కగా పట్టే తల్లిపాలు ఆ రోజులను తగ్గిస్తాయి. గ్రామస్థాయిలో ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి బిడ్డను తూచి, ఒంటి వేడి చూసి, పాలు తాగడం తగ్గితే ఆసుపత్రికి పంపే పద్ధతి 2011 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది.