ఉమ్మడి బాధ్యత – ఒక్కరి పెత్తనం

ఉమ్మడి నిధికి తన వాటా చెల్లించని సభ్యుణ్ణి ఏం చేయాలి? సంఘాలు నడిపిన పెద్దలందరికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. సుమారు రెండున్నర వేల ఏళ్ల క్రితం గ్రీకు నగర రాజ్యాలకూ ఇదే ప్రశ్న ఎదురైంది.

పర్షియా దండయాత్రను తిప్పికొట్టాక, క్రీ.పూ. 478లో ఏథెన్స్ నాయకత్వాన ఏజియన్ సముద్ర ప్రాంతపు రాజ్యాలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. డెలోస్ ద్వీపంలో ఖజానా, అక్కడే సమావేశాలు. కొందరు ఓడలివ్వాలి, కొందరు డబ్బివ్వాలి. న్యాయశీలిగా పేరొందిన అరిస్టైడిస్ ఎవరి వాటా ఎంతో నిర్ణయించాడు. తొలి మొత్తం 460 టాలెంట్లని చరిత్రకారుడు థ్యుసిడిడీస్ రాశాడు.

కాలక్రమాన కొన్ని రాజ్యాలు బకాయి పడ్డాయి. నాక్సోస్ కూటమిని వదలిపోబోగా ఏథెన్స్ ముట్టడించి లొంగదీసింది. క్రీ.పూ. 465లో థాసోస్ తిరగబడింది. అక్కడి తగవు వాటా గురించి కాదు. ఎదుటి తీరంలోని గనులు, వర్తక స్థలాల గురించి. మూడో ఏట ఆ ద్వీపం లొంగి, కోటగోడలు కూల్చుకొని, ఓడలు అప్పగించి, గనిని వదులుకొంది. బాకీ వసూలుకు పట్టిన కర్ర గని స్వాధీనానికీ పనికొచ్చింది!

క్రీ.పూ. 454 నాటికి ఖజానా ఏథెన్సుకు తరలింది. ఆ సొమ్ముతో ఆలయాలు కడుతున్నారని ఏథెన్సులోనే విమర్శ వచ్చినప్పుడు, రక్షణ కల్పిస్తున్నంత కాలం మిత్రులకు లెక్క చెప్పనవసరం లేదని పెరిక్లీస్ వాదించాడని ప్లూటార్క్ కథనం.

తప్పు మిత్రరాజ్యాలదీ ఉంది. యుద్ధశ్రమ తప్పించుకొనేందుకు ఓడలకు బదులు డబ్బివ్వడానికి చాలామంది ఇష్టపడ్డారు. దానితో ఏథెన్స్ నౌకాబలం పెరిగింది, వారి బలం తరిగింది. వాటా ఎగవేతను ఎవరూ సమర్థించలేరు. అయితే బకాయి తేల్చేదీ, శిక్ష విధించేదీ, ఆ శిక్ష వల్ల లాభపడేదీ ఒక్కరే అయినప్పుడు చందా కాస్తా కప్పంగా మారుతుంది.

క్రీ.పూ. 404లో స్పార్టా చేతిలో ఓడిన ఏథెన్స్ తన గోడలనే కూల్చుకోవలసి వచ్చింది. క్రీ.పూ. 377లో మరో కూటమికి పూనుకొన్నప్పుడు షరతులను రాతిపై చెక్కించింది: కప్పం ఉండదు, మిత్రుల గడ్డపై సైనిక దళం ఉండదు, అక్కడ ఏథెన్స్ పౌరులు భూములు కొనరాదు. మిత్రులకు వేరుగా ఒక సభ కూడా ఏర్పడింది. ఆ మాటా పూర్తిగా నిలబడలేదు, క్రీ.పూ. 357లో మిత్రులు మళ్లీ తిరగబడ్డారు.

వాటా చెల్లించమని అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. తీర్పు మాత్రం అందరూ కూర్చున్న చోటే జరగాలి, లెక్క అందరి ముందూ తెరవాలి.