గిటారు పెట్టె: దాని పుట్టుక, దానిని ఎన్నుకొను విధము



గడచిన వేసవిలో మా మనుమడు పట్టణమునుండి ఒక విద్యుద్గిటారును తెచ్చి, మా యింటి అరుగుమీద కూర్చుండి మీటెను. చూపునకు ఘనమైన వాద్యమే. దానినుండి వెలువడిన నాదము మాత్రము దువ్వెన పండ్లను గోట గీచినట్లుండెను. అరుగుమీదనున్న పెద్దలు నవ్విరి. "తాతయ్యా, ఇది సగమే. మిగతా సగం పెట్టెలో ఉంటుంది. అది కొనాలి" అని వాడు బదులు చెప్పెను. ముప్పది యేండ్లకు పైగా బాలురకు శబ్దమంజరియు వ్యాకరణమును చెప్పిన నాకు ఆ మాట యేదో అలంకారమని తోచెను. పిమ్మట విచారింపగా అది అలంకారము కాదు, యథార్థమే యని తేలినది. ఆ పెట్టెకు సొమ్మీయవలసినవాడను నేనే గనుక, ఈయదగునా, ఈయదలచినచో ఎట్టిదానికి ఈయవలెను అను ప్రశ్నలు నన్ను కొన్ని మాసములు విడువలేదు. ఆ విచారణలో తెలిసికొన్న చరిత్రనే నేడు మీకు విన్నవించుచున్నాను.

వీణను తలచుకొనుడు. తంత్రి తానుగా పలుకునది స్వల్పము. ఆ స్వల్పమును పెద్దది చేయునది పనసకొయ్యతో తొలిచిన కుండ. పాత గిటారునకును అట్లే బోలుపొట్ట యుండెను. అయినను 1920 ప్రాంతపు అమెరికా నాట్యశాలలలో బాకాలును డోళ్లును మ్రోగుచుండగా ఆ పొట్ట చాలలేదు. నాదస్వరము ప్రక్కన వీణను కూర్చుండబెట్టినచో ఏమగునో మీకు చెప్పనక్కరలేదు. గిటారువాడు వాయించుచుండుట కనబడునే గాని వినబడదు. వినబడనివానికి వంతుపాటే గాని ముందువరుస రాదు. ఈ అవస్థనుండియే మన పెట్టె పుట్టినది.

హవాయి ద్వీపములవారు గిటారును ఒడిలో పరుండబెట్టి, ఉక్కుకమ్మిని తీగలపై జార్చుచు వాయించుదురు. మన విచిత్రవీణవలెనే యని చెప్పవచ్చును. ఆ వాద్యము అమెరికాలో మిక్కిలి ప్రియమైనది. దానిని వాయించెడి జార్జి బోషాంపు అనునాతడు, అడాల్ఫు రికెన్‌బాకరు అను పనివాని సహాయముతో, 1931లో ఒక నమూనాను చేసి, 1932లో అమ్మకమునకు తెచ్చెను. దానికి పొట్ట లేదు. పెనమువంటి గుండ్రని లోహపు ముద్దకు పొడవైన పిడి. అందుచేత దానికి "వేపుడుపెనము" అని పేరు వచ్చినది. దాని కిటుకు ఇది: ఉక్కుతీగ క్రింద అయస్కాంతమును, దానిచెంత సన్నని రాగితీగచుట్టను ఉంచుదురు. తీగ కంపించినంతనే చుట్టయందు మిక్కిలి సూక్ష్మమైన విద్యుత్తు అదే లయతో ఆడును. ఆ సూక్ష్మవిద్యుత్తును రేడియో వాల్వులచే బలపరచి స్పీకరునకు పంపినచో గానము వినబడును. 1934లో కోరిన పేటెంటు హక్కు బోషాంపునకు 1937లో గాని దొరకలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. పొట్టలేని వాద్యమునకు స్పీకరే పొట్ట. వీణకు కుండ యెట్టిదో దీనికి ఆ పెట్టె యట్టిది. మా మనుమడు చెప్పిన "సగము" ఇదే. కావున పెట్టెను ఎన్నుకొనుట అనగా ఉపకరణము నెన్నుకొనుట కాదు, వాద్యములో అర్ధభాగమును ఎన్నుకొనుట.

బలపరచు యంత్రమును స్పీకరును ఒకే పెట్టెలో బిగించి, పైన ఒక పట్టెడ అమర్చినదానిని "కాంబో" యని వ్యవహరింతురు. రెండింటిని వేరువేరుగా నుంచు పద్ధతియు కలదు గాని, అది తరువాత వచ్చినది. మొదటినుండియు గిటారువాడు ఒంటరిగా ఒక చేత వాద్యమును, ఒక చేత పెట్టెను మోసికొనిపోవువాడే. చార్లీ క్రిస్టియన్ అను నీగ్రోజాతి యువకుడు 1939లో బెన్నీ గుడ్‌మన్ మేళములో చేరినప్పుడు గిబ్సన్ కంపెనీవారి అట్టి పెట్టెతోనే చేరెను. దాని బలము పదునైదు వాట్ల ప్రాంతము. నేటి మన యింటి దీపపు బుడ్డి కంటె కొంచెము అధికము. అంతమాత్రముననే గిటారు బాకాలతో సమానముగా ముందువరుసలో నిలిచినది. ఆ యువకుడు 1942లోనే క్షయవ్యాధిచే మరణించెను. మూడేండ్లలో అతడు చూపిన త్రోవయందే తరువాతివారందరును నడచిరి.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైనవాడు లియో ఫెండరు. 1909లో కాలిఫోర్నియాలో నారింజతోటల నడుమ పుట్టెను. 1938లో ఫుల్లర్టన్ అను పట్టణమున రేడియోలు బాగుచేయు దుకాణమును తెరచెను. మైకుసెట్లు తయారుచేసి అద్దెకిచ్చెడివాడు. మన యూళ్లలో పెండ్లిండ్లకును ఉత్సవములకును మైకుసెట్టు తెచ్చువాని నెరుగుదుము గదా, అట్టివాడే. గిటారు వాయించుట మాత్రము అతనికి రాదు. ఇది లోపమని మీరు తలంతురేమో. నేను గుణమనియే చెప్పుదును. వాయించుటకు రానివాడు గనుక వాయించువారి మాటను చెవియొగ్గి వినెను. బాగుచేయువాడు గనుక ఏది చెడునో, ఎందుచేత చెడునో ఎరుగును. 1945లో డాక్ కౌఫ్‌మన్ అను మిత్రునితో కలిసి పెట్టెలు చేయనారంభించి, 1946నుండి స్వంతముగా నడపెను. అతని పెట్టెలో భాగములన్నియు ఒక పలకపై వరుసగా పరచియుండును. మూత విప్పినచో ఏ ఊరి రేడియో పనివాడైనను చదివి బాగుచేయగలడు. వానిపై ప్రయాణపు పెట్టెలకు అంటించెడి గట్టిగుడ్డనే అంటించెను. ఏలయన అవియు ప్రయాణము చేయునవే.

1951లో అతడు మంద్రస్థాయి గిటారును అమ్మకమునకు తెచ్చి, మరుసటి యేట దానికై "బేస్‌మన్" అను పెట్టెను చేసెను. ఆ దశాబ్ది నడుమ దానిలో పది అంగుళముల స్పీకర్లు నాలుగు అమర్చెను. మంద్రమునకై చేసిన ఆ పెట్టెను సామాన్య గిటారువారు లాగికొనిరి. చేసినవాని ఉద్దేశమొకటి, వాడినవాని ప్రయోజనమొకటి. మన భాషలోను పదములకు ఇట్లే అర్థములు మారుచుండును గదా.

ఇట్టిదే మరియొక వింత. వాల్వులపై వాని శక్తికి మించిన భారము వేసినచో నాదము గరగరలాడును. ఫెండరు దీనిని దోషమని యెంచి పోగొట్టుటకే శ్రమపడెను. కాని చికాగో నగరపు పానశాలలలో కథ వేరుగా నడచెను. దక్షిణపు ప్రత్తిచేలనుండి 1943లో ఆ నగరమునకు వలసపోయిన మడ్డీ వాటర్స్, పల్లెలో వాయించిన కొయ్యగిటారు అచ్చటి రొదలో వినబడకపోగా విద్యుద్గిటారును పట్టెను. చిన్న పెట్టెపై పెద్ద భారము, నాదము గీరబోయినది. ఆ జీరయందే పల్లె విడిచి వచ్చిన కూలిజనులకు తమ గొంతుక వినబడినది. 1951లో "రాకెట్ 88" అను పాట ముద్రించునప్పుడు ఒక గిటారువాని పెట్టె దెబ్బతిని యుండగా, చినిగిన స్పీకరులో కాగితములు కుక్కి అట్లే వాయించిరి. 1964లో ఇంగ్లండులో డేవ్ డేవీస్ అను బాలుడు తన చిన్న పెట్టెయందలి స్పీకరును బ్లేడుతో బుద్ధిపూర్వకముగా కోసెను! వ్యాకరణము చెప్పినవాడను గనుక ఇది నాకు మొదట ఒంటబట్టలేదు. అపశబ్దము ప్రయోగబలమున సాధువగుట మన శాస్త్రములోను కలదని తరువాత ఊరడిల్లితిని.

యుద్ధానంతరము ఇంగ్లండులో అమెరికా సరకుల దిగుమతికి నిర్బంధములుండెను. అందుచేత అచ్చటివారు తమ పెట్టెలను తామే చేసికొనవలసి వచ్చినది. కెంటు మండలములోని డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ కంపెనీయందు డిక్ డెన్నీ అనునాతడు "వాక్స్" అను పేరుతో పదునైదు వాట్ల పెట్టెను చేసెను. 'షాడోస్' అను మేళమువారు దానిని వాడుచుండిరి. సభలలో యువజనుల కేకలకు అది చాలకపోగా ముప్పది వాట్లది కావలెనని అడిగిరి. అట్లు పుట్టినదే వాక్స్ ఏ.సి. 30. 1962 మొదలు బీటిల్స్ మేళమువారును దానినే మోసిరి. మోసిరని ఊరక అనలేదు; దాని బరువు ముప్పది కిలోలకు పైమాట! ఆ 1962లోనే లండనులో జిమ్ మార్షల్ అను డోలు వాద్యగాడు, తన దుకాణపు పనివారిచేత, ఫెండరు చేసిన బేస్‌మన్ పెట్టెయొక్క మార్గమునే అనుసరించి, యంత్రమొకటిగను స్పీకర్ల పెట్టె వేరొకటిగను చేయించెను. పెద్ద మైదానములకు అది దారితీసినది. మన ప్రసంగమునకు దానితో పనిలేదు.

1947లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలయందు ట్రాన్సిస్టరు పుట్టుటతో వాల్వులకు కాలము చెల్లునని యందరు తలచిరి. అట్లు జరుగలేదు. ట్రాన్సిస్టరు తేలిక, చౌక, మన్నిక. భారము మించినప్పుడు మాత్రము దాని గరగర చెవికి కటువు. జపానులో రోలండ్ కంపెనీవారు 1975లో చేసిన జాజ్ కోరస్ 120 అను పెట్టె ఈ చిక్కును వేరొక విధముగా దాటెను. గరగరకు ప్రాధాన్యమీయక, నిర్మలనాదమును రెండు స్పీకర్లలో పంచి, ఒకే తీగ ఇద్దరు వాయించినట్లు వినిపించెను. 1990 తరువాత గణకయంత్రపు విద్యచే పాత పెట్టెల గొంతులన్నిటిని అనుకరించునవియు వచ్చినవి. ఒక పెట్టెలో పది పెట్టెల వేషములు! బహురూపి వేషములు చక్కగానే యుండును. అయినను ఏ వేషము నిజముగా కావలెనో వాయించువాడు ఎరుగకున్నచో దినమంతయు మరలు త్రిప్పుటయే యగును.

ఇక ఎన్నుకొనుట. అంగడివాడు మొట్టమొదట చెప్పునది వాట్లు. నూరు వాట్లది ఏబది వాట్లదానికి రెట్టింపు మ్రోగునని మనము నమ్ముదుము. అది నిజము కాదు. వాట్లు రెట్టింపైనచో పెరుగునది మూడు డెసిబెళ్లు. చెవికి అది కొంచెము హెచ్చుగా మాత్రమే తోచును. రెట్టింపు గట్టిగా వినబడవలెనన్న వాట్లు సుమారు పది రెట్లు కావలెను. ఇంటిలో సాధనకు ఐదు పది వాట్లు చాలును. భజనకును, ప్రార్థనామందిరమునకును, చిన్న సభకును ఇరువది ముప్పది. అంతకు మించిన సభ యైనచో పెట్టెయెదుట మైకు నుంచి ఊరి మైకుసెట్టుకే అప్పగింపవచ్చును. స్పీకరు కొలతయును పట్టించుకొనవలెను. ఆరంగుళములది సన్నగా పలుకును, పదియో పండ్రెండో అంగుళములది నిండుగా పలుకును.

రెండవ సంగతి నేను సొమ్ము చెల్లించి నేర్చుకొన్నది. అమెరికాలోనున్న మా దగ్గరి బంధువొకరు స్వదేశమునకు వచ్చుచు, మనుమనికొరకు అచ్చట వాడిన వాల్వుల పెట్టె నొకదానిని ప్రీతితో తెచ్చిరి. అచ్చటి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. ఆ మాట వారికిని తట్టలేదు, మాకును తట్టలేదు. మీట నొక్కిన క్షణమున బుస్సుమని పొగ వచ్చినది. ట్రాన్సుఫార్మరు కాలిపోయినది. పట్టణములో బాగుచేయువాడు అడిగిన వెల, ఆ బంధువు దానికిచ్చిన వెలలో సగమునకు మించినది. పిల్లవాడు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. కావున పెట్టె వెనుకప్రక్క వ్రాసియుండు అంకెను చదివిన పిమ్మటనే తీగను తగిలింపుడు. మరియు వాల్వుల పెట్టెలో నాలుగు వందల వోల్టులు నడచును. తీగ ఊడదీసిన తరువాతను కొంతసేపు లోపల అది నిలువయుండును. పిల్లలను మూత విప్పనీయకుడు, అది ప్రాణాపాయము. వాల్వులు దీపపు బుడ్లవలె కాలక్రమమున అరుగునవి. వానిని తెప్పించుకొను వీలు లేని ఊళ్లకు ట్రాన్సిస్టరు పెట్టెయే మేలని నా యభిప్రాయము.

మూడవది, పెట్టెను స్వంత గిటారుతోనే వాయించి చూడవలెను. అంగడిలోని మేలైన గిటారుతో వినిపించినప్పుడు ఏ పెట్టెయైనను బాగుగనే యుండును. ఎత్తి పది అడుగులు నడచియు చూడవలెను. బస్సు మెట్లెక్కింపలేని పెట్టె కొన్నాళ్లకు ఇంటిలో బల్ల యగును.

"ఇదంతయు పరదేశపు గొడవ, మన సంగీతమునకేల" అని మా అరుగుమీది మిత్రులొకరు అడిగిరి. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారిని నేను వారికి గుర్తుచేసితిని. మాండొలిన్ తీగ మీటినంతనే నాదము ఆరిపోవును. గమకము పలికించుటకు వ్యవధి యుండదు. వారు జంటతీగలను తీసివేసి ఐదు ఒంటితీగలు కట్టి, విద్యుత్తుచే నాదమును నిలుపుకొనిరి. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున బాలుడుగా వాయించినప్పుడు అది కర్ణాటక సంగీతమునకు తగునా యని సందేహించినవారు కలరు. 2014లో వారు గతించునాటికి ఆ సందేహము మిగిలియుండలేదు. బోషాంపు తీగచుట్ట లేనిదే, ఫెండరువంటి రేడియో పనివాని పెట్టె లేనిదే, ఆ గమకములు మనకు వినబడెడివి కావు. మిత్రులు కొంతసేపు మాటాడక, "మరి పిల్లవానికి ఎంత కావలెను?" అని అడిగిరి.

తుదకు కొన్నది ఇరువది వాట్ల ట్రాన్సిస్టరు పెట్టె. ఎనిమిది అంగుళముల స్పీకరు. పది చాలినంత సొమ్ము లేకపోయెను. శనివారము రామాలయపు భజనలో హార్మోనియము ప్రక్కన దానిని పెట్టుదురు. వాల్యూము మర మూడవ అంకె దాటరాదని నేను నియమము చేసితిని. తాళములు జోరందుకొన్నప్పుడు వాడు నావంక చూచి నాలుగునకు త్రిప్పును. నేను చూడనట్లుందును.