సభ్యత్వం బహుమతి కాదు: నేషనల్ ఆనర్ సొసైటీలో చేరదలచిన విద్యార్థి వాదనపై ఒక పరిశీలన

అమెరికా హైస్కూళ్లలోని ఆనర్ సొసైటీల మీద ఇంతవరకూ వచ్చిన విమర్శలో చాలాభాగం వాటిని బహుమతుల ఖాతాలో రాసేసి ఊరుకుంది. ఆనర్ రోల్, ట్రోఫీ, వార్షికోత్సవంలో ఇచ్చే షీల్డు, నేషనల్ ఆనర్ సొసైటీ సభ్యత్వం అన్నిటినీ ఒకే గాటన కట్టి, పిల్లలకు ఎర చూపి చదివించకూడదని తీర్పు చెప్పడం ఆనవాయితీ అయింది. ఈ విమర్శకులు ఎవరిని మందలిస్తున్నారో ఆ తల్లిదండ్రులూ ఇదే లెక్కలో ఉన్నారు. ఎంసెట్ ర్యాంకుతోనే మనిషిని తూచే వాతావరణంలో పెరిగి టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ సభ్యత్వం ఇంకో ర్యాంకు, కాలేజీ దరఖాస్తులో ఇంకో లైను. ఒకరు వద్దంటారు, మరొకరు కావాలంటారు. ఇది జరిగిపోయిన పనికి దక్కే ప్రతిఫలం అన్న మాటను మాత్రం ఇద్దరూ ప్రశ్నించరు. ఆ మాటే తప్పని నా వాదం. సొసైటీ నియమాలనూ ఎంపిక తీరునూ దగ్గరగా చూస్తే, ఈ సభ్యత్వం చేసిన పనికి ముట్టిన కూలిలా కాక, చేయబోయే పనికి తీసుకున్న బయానాలా కనబడుతుంది. అది ఒప్పుకుంటే, చేరదలచిన విద్యార్థి తన వాదనను ఏ పునాది మీద కట్టుకోవాలన్నదీ మారిపోతుంది.

1921లో సెకండరీ స్కూలు ప్రిన్సిపాళ్ల జాతీయ సంఘం ఈ సొసైటీని స్థాపించింది. పిట్స్‌బర్గ్‌లోని ఫిఫ్త్ ఎవెన్యూ హైస్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ రైనర్సన్ దీనికి ఆద్యుడు, మొదటి చాప్టరూ (బడి స్థాయి శాఖ) ఆ బడిలోదే. 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పా సంప్రదాయం అప్పటికే దేశమంతా తెలుసు కనుక, హైస్కూలు స్థాయిలో చదువుకు గుర్తింపు ఇచ్చే సంఘం పెట్టాలంటే మార్కుల మీద గీత గీసి ఊరుకుంటే సరిపోయేది. స్థాపకులు అలా చేయలేదు. స్కాలర్‌షిప్, సర్వీస్, లీడర్‌షిప్, క్యారెక్టర్ అని నాలుగు స్తంభాలు పెట్టి, మొదటిదాన్ని గుమ్మం వరకే పరిమితం చేశారు. జాతీయ నియమం ప్రకారం జీపీఏ 3.0 గానీ 85 శాతం గానీ ఉంటే పరిశీలనకు అర్హత వస్తుంది. చాప్టర్లు ఆ గీతను పైకి జరుపుకోవచ్చు, కానీ మార్కులొక్కటే చూసి సభ్యత్వం ఇవ్వడానికి వీల్లేదు. మిగిలిన మూడింటినీ ప్రిన్సిపాల్ నియమించిన అయిదుగురు అధ్యాపకుల కౌన్సిల్ తూచాలి, చాప్టర్‌ను నడిపించే అడ్వైజర్‌కు అక్కడ ఓటు లేదు. వాళ్ల ముందుకు వచ్చే సమాచార పత్రాన్ని చూడండి. ఏ క్లబ్బులో ఏ పని, ఏ సంవత్సరం, ఎన్ని గంటలు, సంతకం పెట్టిన పెద్దవారెవరు అన్న వివరాలు అందులో ఉంటాయి. చాలాచోట్ల ఆ పత్రంతోపాటు విద్యార్థి తన మాటల్లో ఒక చిన్న వ్యాసం కూడా జతచేయాలి. వచ్చే ఏడాది కూడా ఇదే పని చేసే మనిషేనా అన్న సందేహం తీర్చుకోవడానికి కాకపోతే, ఇంత హంగామా దేనికి? ర్యాంకు ప్రకటించడానికి అయిదుగురు కూర్చోనక్కర్లేదు.

ఇక బహుమతుల పద్ధతిని విమర్శించే రచయిత ఆల్ఫీ కోన్ విషయం. 1993లో వచ్చిన 'పనిష్డ్ బై రివార్డ్స్' తరవాత ఈ చర్చలో ఎవరు నోరు విప్పినా ఆయన నీడలోనే మాట్లాడుతున్నారు. ఆశ చూపి చేయించిన పని మీద పిల్లవాడికి సహజంగా ఉన్న ఇష్టం చచ్చిపోతుందని ఆయన సిద్ధాంతం. దానికి ముఖ్యమైన ఆధారం మనస్తత్వవేత్తలు లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగం. స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టపడే పిల్లల్ని తీసుకుని మూడు గుంపులు చేశారు. గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ఒక గుంపుకు ముందే చెప్పారు. రెండో గుంపుకు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తరవాత చూస్తే మొదటి గుంపు పిల్లలే రంగు పెన్నుల జోలికి తక్కువగా వెళ్లారు. కోన్ వర్గం ఇక్కడితో ఆగి, చూశారా అంటుంది. ఆగకూడదు. చెప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చిన రెండో గుంపులో ఇష్టం తగ్గలేదు. అంటే నష్టం చేసింది సర్టిఫికెట్ కాదు, "ఇది చేస్తే అది ఇస్తాం" అన్న ముందస్తు బేరం. ఆ బేరం కూడా ఒక్కసారి పని, ఒక్కసారి కాగితం అన్న తీరులో ముగిసిపోయింది. నర్సరీ పిల్లవాడు సర్టిఫికెట్ తీసుకున్న మర్నాటి నుంచి ఎవరికీ ఏమీ బాకీ లేడు.

ఆనర్ సొసైటీ సభ్యుడు బాకీ ఉంటాడు. సభ్యత్వం వచ్చాక మార్కులు గీత కిందికి జారితే, సేవ మానేస్తే, నడవడి చెడితే రాతపూర్వకంగా హెచ్చరిస్తారు, సరిదిద్దుకోవడానికి గడువిస్తారు, అప్పటికీ మారకపోతే వాదన విని తొలగిస్తారు. ఒకసారి తొలగించిన వ్యక్తిని మళ్లీ ఎన్నడూ తీసుకోరు. వెనక్కి లాక్కునే బహుమతి లోకంలో ఎక్కడుంది? గెలిచిన ట్రోఫీని మరుసటి సంవత్సరం ఓడిపోయినందుకు అల్మరాలోంచి తీసుకుపోరు. ఈ ఒక్క నియమం చాలు, సొసైటీని బహుమతుల జాబితాలోంచి తీసేసి పదవుల జాబితాలో చేర్చడానికి. కోన్ రచనల్లో ఆనర్ రోల్‌లకూ అవార్డు సభలకూ తగిలే దెబ్బ దీనికి తగలదు, ఎందుకంటే అవి తలుపు వేసి ముగిసేవి, ఇది తలుపు తీసి మొదలయ్యేది. బహుమతులు ఆసక్తిని మొత్తంగా తగ్గించవని కామెరాన్, పియర్స్ 1994లో పాత ప్రయోగాలన్నీ కూడగట్టి చూపారు కూడా. డెసి, కోస్ట్నర్, రయన్ 1999లో 128 అధ్యయనాలతో దానికి బదులు చెప్పిన మాట నిజమే, కానీ వాళ్ల లెక్కల్లోనూ ఉన్నది బహుమతులే, పదవులు కావు.

అసలైన ఆధారం కోసం ఇంకా వెనక్కి, సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ దగ్గరికి వెళ్లాలి. 1961లో వెలువడిన 'ది అడాలసెంట్ సొసైటీ'ని ఈ చర్చలో ఎవరూ గట్టిగా పట్టించుకోకపోవడం నాకు అంతుపట్టదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో పది హైస్కూళ్లను తీసుకుని, బడిలో నిన్ను ఎలా గుర్తుపెట్టుకోవాలని కోరుకుంటావని ఆయన పిల్లల్ని అడిగాడు. అబ్బాయిల్లో మేధావి విద్యార్థి అన్న గుర్తింపు కంటే ఆటగాడు అన్న గుర్తింపే ముందుకొచ్చింది. చదువుకునేవాడికి బడిలో పరువు ఎందుకు లేదన్న ప్రశ్నకు ఆయన చెప్పిన కారణం అపురూపమైనది. ఫుట్‌బాల్ ఆడేవాడు గెలిస్తే బడి మొత్తం గెలుస్తుంది, ఊరు ఊరంతా స్టేడియంలో లేచి నిలబడుతుంది. చదివేవాడు గెలిస్తే ఎవరో ఒకరు ఓడిపోతారు. గ్రేడ్లను ఒకరితో ఒకరిని పోల్చి ఇచ్చే తరగతిలో ఒకడు తొంభై ఎనిమిది తెచ్చుకుంటే, పక్కవాడి డెబ్బై అయిదు విలువ పడిపోతుంది. వేగంగా పనిచేసి అందరి కూలిరేటునూ చెడగొట్టే కార్మికుడిని ఫ్యాక్టరీలో తోటివాళ్లు ఎలా చూస్తారో, మంచి విద్యార్థిని తరగతి అలాగే చూస్తుందని కోల్మన్ గుర్తించాడు. తప్పు పిల్లల మనస్తత్వంలో లేదు, ప్రతిఫలం పంచే ఏర్పాటులో ఉంది.

ఈ వెలుగులో చూస్తే సొసైటీ చేసే పని స్పష్టమవుతుంది. ఆల్జీబ్రాలో వెనకబడిన తొమ్మిదో తరగతి పిల్లవాడికి లైబ్రరీ బల్ల దగ్గర కూర్చుని పదకొండో తరగతి అమ్మాయి వారానికి రెండు మధ్యాహ్నాలు లెక్కలు చెబుతుంది అనుకుందాం. ఇది అక్కడి చాప్టర్లు మామూలుగా చేపట్టే కార్యక్రమమే. ఆ అమ్మాయికి వచ్చిన 'ఏ' గ్రేడు అంతకుముందు ఆమె తరగతిలోని తోటివాళ్లకు ముప్పు. ఇప్పుడదే ఈ పిల్లవాడికి ఆసరా. బ్రాకెట్ ఎందుకు వేశావు, గుర్తు ఎందుకు మార్చలేదు అని ఆమె అడిగే ప్రతి ప్రశ్నా ఆమె మార్కులను ఆమె ఒక్కదాని సొత్తుగా ఉండనివ్వదు. చదువులో గెలుపును ఆటలో గెలుపులాగా అందరిదిగా మార్చే ఏర్పాటు కావాలని కోల్మన్ అడిగాడు. బడుల మధ్య చదువు పోటీలు పెట్టమన్నది ఆయన సూచన. ఆనర్ సొసైటీ అంతకంటే లోతైన మార్గంలో అదే పని చేస్తోంది: పోటీతో పని లేకుండా, బడి లోపలే. అమెరికన్ బడిలో చదువుకు మళ్లీ పరువు తెచ్చే సాధనం ఏదైనా ఉందంటే ఇదే. కోల్మన్ తన ప్రశ్నావళిలో ఈ సొసైటీ ప్రభావాన్ని కొలవలేదన్న అభ్యంతరం సరైనదే అయినా, ఆయన వివరించిన యంత్రాంగానికి ఇంత చక్కగా సరిపోయే సంస్థ మరొకటి నాకు కనబడదు.

కాబట్టి చేరదలచిన విద్యార్థి వాదన భూతకాల క్రియలతో నిండిపోతే తన కేసును తానే బలహీనపరుచుకున్నట్టు. రోబోటిక్స్‌లో గెలిచాను, డిబేట్‌లో ఫైనల్స్‌కు వెళ్లాను, వందగంటలు సేవ చేశాను అని పేర్చుకుంటూ పోతే కౌన్సిల్ చేతిలో ఉన్న పత్రాన్నే మళ్లీ చదివినట్టవుతుంది. తెలుగు ఇళ్లలో తయారయ్యే వ్యాసాలకు ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే ర్యాంకు సంస్కృతిలో నిన్ను నువ్వు నిరూపించుకోవడమంటే సాధించినవి ఏకరువు పెట్టడమే. అదే విద్యార్థి వారాంతపు తెలుగు బడిలో చిన్నపిల్లలకు గుణింతాలు దిద్దిస్తూ ఉండవచ్చు. ఆ సంగతి ఎక్కడో చివర, ఒక్క వాక్యంలో ఉంటుంది. నిజానికి వాదన అక్కడ మొదలుకావాలి. 'ఋ' పలకలేని అయిదేళ్ల పిల్లాడికి ఏం చెబితే అర్థమైంది, ఏం చెబితే కాలేదు, ఆ అనుభవం బడిలో ఇంగ్లిషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు ఎలా పనికొస్తుంది, చాప్టర్ తనకు ఏ వారాలు కేటాయిస్తే ఆ పని సాగుతుంది అన్నవి చెబితే కౌన్సిల్‌కు నమ్మకం కలుగుతుంది. సభ్యత్వం కోరడానికి ఇంతకంటే గట్టి హక్కు ఉండదు.

అభ్యంతరాలు లేకపోలేదు. లెక్కపెట్టి చేయించిన సేవ సేవ కాదంటారు. బలవంతపు స్వచ్ఛంద సేవ మీద స్టూకస్, స్నైడర్, క్లారీ 1999లో ప్రచురించిన పరిశోధనను ఇక్కడ తెస్తారు. కానీ అది తప్పనిసరి సేవ గురించిన హెచ్చరిక. మేరీల్యాండ్‌లో ప్రభుత్వ బడి నుంచి పట్టా కావాలంటే 75 గంటలు సేవ చేయక తప్పదు, ఆనర్ సొసైటీలో చేరకపోయినా పట్టా ఆగదు. తానుగా వెళ్లి అడిగి నెత్తినేసుకున్న బాధ్యతనూ ప్రభుత్వం మోపిన షరతునూ ఒకటిగా చూడటం న్యాయం కాదు. సాయంత్రాలు ఉద్యోగం చేసే పేద విద్యార్థి గంటలు ఎక్కడ తెచ్చేదన్న ప్రశ్న ఇంకా బరువైనది. ఇంట్లో తమ్ముళ్లను చూసుకోవడం, జీతం తెచ్చి ఇల్లు నడపడం కూడా పత్రంలో సేవగా లెక్కకు రావాలి. క్యారెక్టర్ స్తంభం అధ్యాపకుల సొంత నీతిశాస్త్రానికి ముసుగు కావచ్చన్న భయమూ నిరాధారం కాదు. కెంటకీలోని గ్రాంట్ కౌంటీలో మార్కులున్న ఇద్దరమ్మాయిలను గర్భం కారణంగా పక్కనబెడితే, 1998లో ఫెడరల్ కోర్టు, బడుల్లో లింగవివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం కింద వాళ్లకు సభ్యత్వం ఇమ్మని ఆదేశించింది. కోర్టు చేసింది సబబు. అయితే అది తూచినవాళ్ల తప్పు, త్రాసు తప్పు కాదు.

కాలేజీ దరఖాస్తులో లైను కోసమే అందరూ చేరుతున్నారన్న మాట మిగిలింది. కాలేజీల ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో గౌరవాలకు అయిదు గడులుంటాయి, కార్యకలాపాలకు పది. సభ్యత్వాన్ని ఎక్కువమంది మొదటి జాబితాలో వేస్తారు. నా వాదం సరైనదైతే అది రెండోదానిలో ఉండాలి, ఏ పని చేశారో, వారానికి ఎన్ని గంటలో రాయడానికి చోటున్న గడిలో. చాప్టర్లు కూడా తమ పత్రాన్ని సరిదిద్దుకోవచ్చు. చేసిన పనుల పట్టిక కింద చేపట్టబోయే పని ఏమిటి, ఎవరికోసం, ఏ నెల నుంచి అన్న మూడు గళ్లు చేర్చి, వాటినే సంవత్సరం చివర అడ్వైజర్ తిరిగి చదివితే సరిపోతుంది.