రోగి రికార్డు: ఎవరికి మూసి ఉండాలి, ఎవరికి తెరిచి ఉండాలి

గర్భిణుల వివరాలు రాసే ఆర్‌సీహెచ్ రిజిస్టర్‌లో కులం గడి ఉంటుంది: ఎస్సీ, ఎస్టీ, ఇతరులు. వైద్యం ఎవరికి అందలేదో తేలాలంటే ఆ లెక్క కావాల్సిందే. అయితే రిజిస్టర్ బీరువాలో కాక బల్ల మీద పడి ఉంటే, వచ్చేపోయేవాళ్లకు కులమూ జబ్బూ ఒకే వరుసలో కనిపిస్తాయి.

చట్టం అన్ని జబ్బులకూ ఒకేలా లేదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం గట్టిది. దాని 8వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, సమ్మతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదు. 11వ సెక్షన్ ఆ రికార్డులకు రక్షణ ఏర్పాట్లను తప్పనిసరి చేసింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మాత్రం ఆరోగ్య వివరాలను ప్రత్యేక తరగతిగా చూడదు. కాగితం మీదే ఉండిపోయిన రిజిస్టర్ అసలు దాని పరిధిలోకే రాదు.

దాడి కేసుల్లో చిక్కు వేరు. అక్కడ రికార్డు బాధితుల చేతికే అందదు. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అట్రాసిటీ కేసుల విచారణ అంతకన్నా ఎక్కువ సాగడం మనం చూస్తున్నదే. అందుకే డిశ్చార్జి రోజునే కేస్ షీట్ నకలు కోసం అర్జీ రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.